జనరల్ మోటార్స్‌ని రెండుసార్లు పోగొట్టుకున్న పెద్దమనిషి

ఫ్రీమాంట్‌లో 880 హైవే మీద వెళ్ళేవాళ్ళందరికీ టెస్లా ఫ్యాక్టరీ కనిపిస్తుంది. మన తెలుగువాళ్ళలో అందులో పనిచేసేవాళ్ళు కొందరు, ఆ కార్లు నడిపేవాళ్ళు చాలామంది, ఆ షేరు ఎటు పోతుందో అని అర్ధరాత్రి లేచి ఫోను చూసుకునేవాళ్ళు ఇంకా ఎక్కువమంది. ఆ ఫ్యాక్టరీని మొదట కట్టించింది మాత్రం టెస్లా కాదు. 1960ల మొదట్లో జనరల్ మోటార్స్ కట్టింది, 1982లో మూసేసింది. 1984 నుంచి జీఎం, టొయోటా కలిసి ఉమ్మడి కాపురం పెట్టాయి. ఆ కాపురం కూడా చెడి 2010లో తలుపులు మూసుకున్నాక టెస్లా వచ్చింది. ఇంకా వెనక్కి వెళ్తే, ఫ్రీమాంట్ కంటే ముందు మన పక్కనే ఓక్‌లాండ్‌లో 1916లో మొదలైన షెవ్రొలే ఫ్యాక్టరీ ఉండేది. ఆ సంవత్సరం జనరల్ మోటార్స్‌కీ షెవ్రొలేకీ యజమాని ఒక్కడే. పేరు విలియం డ్యూరంట్. అందరూ బిల్లీ అనేవారు.

ఈయన కథ నేను మిషిగన్‌లో ఎం.ఎస్. చదివే రోజుల్లో మొదటిసారి విన్నాను. అప్పుడు నా దగ్గర ఉన్నది పదమూడేళ్ళ పాత బ్యూయిక్. ఒక ముసలాయన దగ్గర కొన్నాను. సోఫాలాంటి సీట్లు, పడవంత బండి. నలుగురు రూమ్మేట్లం, రెండు బస్తాల సోనామసూరి బియ్యం, ఒక ప్రెషర్ కుక్కరు ఎక్కినా కిక్కురుమనేది కాదు. ఆ బ్యూయిక్ పుట్టిన ఊరు ఫ్లింట్ దగ్గరే కదా అని ఒక శనివారం చూడ్డానికి వెళ్ళాం. అక్కడ డ్యూరంట్ పాత గుర్రబ్బళ్ళ కంపెనీ ఆఫీసు ఇప్పటికీ ఉంది. అప్పుడు ఫోటోలు దిగి, శాండ్‌విచ్ తిని వచ్చేశాం. కథ బుర్రకెక్కలేదు.

బుర్రకెక్కింది 2022లో. నేను పనిచేస్తున్న కంపెనీ షేరు పడడం మొదలైంది. కంపెనీ పేరు వద్దులెండి. పడినప్పుడల్లా నేను కొన్నాను. సగటు ధర తగ్గుతుంది కదా అని నాకు నేనే లెక్క చెప్పుకున్నాను. చేతిలో డబ్బు అయిపోయాక ఇంటిమీద అప్పు తెచ్చి కొన్నాను. మా ఆవిడకి చెప్పలేదు. పెరిగాక చెప్పి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. ఆశ్చర్యపరచడం మాత్రం జరిగింది, నేననుకున్న పద్ధతిలో కాదు. ఆ సంగతి చివర్లో చెప్తాను. ముందు నాకంటే వెయ్యిరెట్లు తెలివైనవాడు, లక్షరెట్లు పెద్ద మొత్తంలో ఇదే తప్పు ఎలా చేశాడో చూద్దాం.

తాత మంచివాడు, తండ్రి షేర్లవాడు

డ్యూరంట్ 1861 డిసెంబరు 8న బోస్టన్‌లో పుట్టాడు. తల్లివైపు తాత హెన్రీ క్రాపో పెద్ద కలప వ్యాపారి, మిషిగన్ రాష్ట్రానికి గవర్నరుగా కూడా చేశాడు. తండ్రికి రెండు అలవాట్లు. ఒకటి మందు, రెండోది షేర్ల జూదం. ఆ రెండూ కలిసి కాపురాన్ని ముంచాయి. తల్లి పిల్లల్ని తీసుకుని పుట్టింటివాళ్ళ ఊరు ఫ్లింట్ చేరింది. చిన్నప్పుడే తండ్రి చేసిన పని చూసినవాడు షేర్ల జోలికి పోడని మనం అనుకుంటాం. కథ చివరికొచ్చేసరికి అది ఎంత తప్పు అంచనానో తెలుస్తుంది.

కుర్రాడు హైస్కూలు మధ్యలో మానేసి తాతగారి కలప అడితిలో కూలికి చేరాడు. తర్వాత మందుల సీసాలు అమ్మాడు, చుట్టలు అమ్మాడు, ఇన్సూరెన్సు అమ్మాడు. ఫ్లింట్ మంచినీళ్ళ కంపెనీ నష్టాల్లో ఉంటే దాన్ని చేతిలోకి తీసుకుని, ఇంటింటికీ తిరిగి జనం తిట్లన్నీ ఓపిగ్గా విని, ఆ లోపాలు సరిచేయించాడు. ఇదే ఫ్లింట్ 2014 తర్వాత సీసం కలిసిన నీళ్ళతో ప్రపంచం నోళ్ళలో పడింది. అప్పుడు ఇంటింటికీ తిరిగి వినే బిల్లీ లేకపోయాడు.

1886లో ఒక స్నేహితుడు తన రెండు చక్రాల గుర్రబ్బండిలో ఎక్కించుకున్నాడు. ఫ్లింట్ రోడ్లు మన పల్లెటూరి డొంకదారుల్లాంటివి. అయినా ఆ బండి కుదుపు లేకుండా వెళ్ళింది. స్ప్రింగుల అమరిక కొత్తరకం. ఎక్కడ చేశారని అడిగి, మర్నాడే రైలెక్కి కోల్డ్‌వాటర్ అనే ఊరు వెళ్ళి, ఆ బండి తయారుచేసే హక్కులన్నీ 1500 డాలర్లకు కొనేశాడు. తమాషా ఏమిటంటే బేరం కుదిరేటప్పటికి ఆయన దగ్గర ఆ డబ్బు లేదు. ఊరొచ్చి బ్యాంకులో అప్పు తెచ్చాడు. డాలస్ డార్ట్ అనే హార్డ్‌వేరు కొట్టు కుర్రాడు వెయ్యి డాలర్లు పెట్టి భాగస్తుడయ్యాడు.

ఇక్కడే మన సాఫ్ట్‌వేర్ సోదరులకు బాగా పరిచయమున్న పద్ధతి కనిపిస్తుంది. ఫ్యాక్టరీ లేదు, పనివాళ్ళు లేరు. ఒక నమూనా బండిని సంతకు తీసుకెళ్ళి చూపించి వందలకొద్దీ ఆర్డర్లు పట్టుకొచ్చాడు. ముందు అమ్మాడు, తర్వాత చేయించాడు! చేసిపెట్టింది ఊళ్ళోనే ఉన్న పేటర్సన్ అనే బళ్ళ తయారీదారు. కొన్నాళ్ళు బాగానే నడిచింది. తర్వాత ఆ పేటర్సన్ వీళ్ళ ఖాతాదారులకే సొంతంగా బళ్ళు అమ్మడం మొదలుపెట్టాడు. మన పని బయటివాడికి అప్పజెప్తే, వాడు పని నేర్చుకుని మన గుమ్మం ముందే కొట్టు పెడతాడన్న పాఠం డ్యూరంట్‌కి 1880ల్లోనే తెలిసింది. అప్పటినుంచి చక్రాలు, ఇరుసులు, రంగులు, చివరికి కలప అడవులతో సహా అన్నీ సొంతం చేసుకుంటూ పోయాడు. 1900 తర్వాత కొన్నేళ్ళకు డ్యూరంట్-డార్ట్ కంపెనీ ఏడాదికి 50 వేలకు పైగా బళ్ళు అమ్ముతూ అమెరికాలోనే అతిపెద్దదైంది. నలభై ఏళ్ళు దాటేసరికి బిల్లీ కోటీశ్వరుడు.

స్నానాల తొట్టి నుంచి బ్యూయిక్ దాకా

డ్యూరంట్‌కి మొదట్లో కార్లంటే ఇష్టం లేదు. మోత, కంపు, గుర్రాలు బెదురుతాయి. 1904లో ఫ్లింట్ పెద్దమనుషులు ఆయన దగ్గరికి ఒక కష్టం మోసుకొచ్చారు. ఊళ్ళోకి బ్యూయిక్ అనే కార్ల కంపెనీని తెచ్చుకున్నారు, అది మునిగిపోతోంది. దాన్ని మొదలుపెట్టిన డేవిడ్ బ్యూయిక్ స్కాట్లాండులో పుట్టిన ప్లంబరు. ఇనుప స్నానాల తొట్లకు తెల్ల ఎనామిల్ పూత వేసే పద్ధతి కనిపెట్టాడు. ఆ ఒక్క వ్యాపారం చేసుకున్నా తరతరాలు తినేవాడు. ఇంజన్ల పిచ్చిలో అది అమ్ముకున్నాడు.

డ్యూరంట్ వెంటనే ఒప్పుకోలేదు. ఆ కారును బురదలో, గుంటల్లో, కొండల మీద వారాల తరబడి తనే నడిపి చూశాడు. నచ్చాక కంపెనీ పగ్గాలు తీసుకున్నాడు. 1905 జనవరిలో న్యూయార్క్ కార్ల ప్రదర్శనకు వెళ్ళి 1108 కార్లకు ఆర్డర్లు తెచ్చాడు. అప్పటికి కంపెనీ పుట్టినప్పటినుంచీ చేసిన కార్లు అన్నీ కలిపి యాభై కూడా లేవు! మళ్ళీ అదే సూత్రం. 1908 నాటికి ఏడాదికి 8 వేలకు పైగా కార్లతో బ్యూయిక్ దేశంలో ముందువరసలో నిలబడింది.

అప్పుడు పుట్టింది పెద్ద ఆలోచన. ఆ రోజుల్లో వందలకొద్దీ కార్ల కంపెనీలు, వారానికొకటి పుట్టేది, వారానికొకటి పోయేది. ఏ ఇంజను నిలుస్తుందో, ఏ మోడల్ జనానికి నచ్చుతుందో ఎవరికీ తెలియదు. కాబట్టి ఒక గుర్రం మీద పందెం కాయడం కంటే అన్ని గుర్రాల్నీ మన లాయంలో కట్టేసుకుందామన్నది డ్యూరంట్ వ్యూహం. 1908 సెప్టెంబరు 16న న్యూజెర్సీలో జనరల్ మోటార్స్‌ని రిజిస్టరు చేయించాడు. కాగితం మీద పెట్టుబడి 2 వేల డాలర్లు. బ్యూయిక్, ఓల్డ్స్‌మొబీల్, ఓక్‌లాండ్ (తర్వాత ఇదే పాంటియాక్), కాడిలాక్, వీటితో పాటు చిన్నాచితకా కలిపి రెండేళ్ళలో పాతిక కంపెనీల దాకా కొనేశాడు. ఎక్కువ భాగం డబ్బిచ్చి కాదు, తన కంపెనీ షేర్లు ఇచ్చి.

ఇందులో రెండు బేరాలు పక్కపక్కన పెట్టి చూడాలి. 1909లో హెన్రీ ఫోర్డ్ తన కంపెనీని 80 లక్షల డాలర్లకు అమ్మడానికి ఒప్పుకున్నాడు. అయితే 20 లక్షలు ముందే చేతిలో పెట్టాలన్నాడు. బ్యాంకులు ఇవ్వమన్నాయి, బేరం పోయింది. అదే కాలంలో హీనీ అనే బల్బుల కంపెనీకి డ్యూరంట్ సుమారు 70 లక్షలు, చాలావరకు షేర్ల రూపంలో, సమర్పించుకున్నాడు. అందులో ఉన్న విలువంతా ఒక పేటెంట్ దరఖాస్తు. తర్వాత తీరిగ్గా తేలిందేమిటంటే ఆ పేటెంట్ చెల్లదు. ఫోర్డ్ కంపెనీ చేజారింది, మాడిపోయిన బల్బు చేతిలో మిగిలింది.

1910లో అమ్మకాలు తగ్గాయి. చేతిలో రొక్కం లేదు. సరుకు ఇచ్చినవాళ్ళకు బాకీ, పనివాళ్ళకు జీతాలు బాకీ. డ్యూరంట్ ఊరూరా బ్యాంకుల చుట్టూ తిరిగాడు. ఒక వానరాత్రి రైలు ఎల్జిన్ అనే చిన్న ఊళ్ళో ఆగిందట. కిటికీలోంచి బ్యాంకు బోర్డు కనిపించిందట. పక్కన నిద్రపోతున్న సహచరుణ్ణి లేపి, మనం అడగని బ్యాంకు ఇదొకటి మిగిలిపోయిందని చూపించాడట. చివరికి బోస్టన్, న్యూయార్క్ బ్యాంకర్లు కోటిన్నర డాలర్ల అప్పు ఇచ్చారు. చేతికొచ్చింది కోటి 27 లక్షలు చిల్లర. దానికి పైసా తగ్గకుండా వడ్డీ, పైగా 60 లక్షల విలువైన షేర్లు బహుమానం. మన ఊళ్ళో వారాల వడ్డీవాడు కూడా ఇంత ముందుగా కోసుకోడు. అసలు షరతు వేరే ఉంది. ఐదేళ్ళపాటు పెత్తనం బ్యాంకర్లది, డ్యూరంట్ పక్కకు తప్పుకోవాలి. తను కట్టిన ఇంట్లో తనే అతిథి.

చీమ ఏనుగును మింగిన కథ

ఇంకొకరైతే మిగిలింది దాచుకుని చేపలు పట్టుకుంటూ కూర్చునేవారు. డ్యూరంట్ ఏడాది తిరక్కుండా, 1911 నవంబరులో, లూయీ షెవ్రొలే అనే పందెం కార్ల డ్రైవరుతో కలిసి కొత్త కంపెనీ పెట్టాడు. షెవ్రొలేకి పెద్ద, ఖరీదైన కారు కావాలి. మొదటి మోడల్ ధర 2 వేల డాలర్లు దాటింది. డ్యూరంట్‌కి మామూలు జనం కొనే చవక కారు కావాలి. ఇద్దరికీ చెడింది. లూయీగారు తన పేరును అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. ఆ పేరు మీద కోట్లాది కార్లు అమ్ముడుపోయాయి, ఆయన మాత్రం 1941లో పెద్దగా ఆస్తి లేకుండానే పోయాడు. డేవిడ్ బ్యూయిక్ కూడా అంతే, 1929లో పేదవాడిగా చనిపోయాడు. కారు ముందు భాగాన పేరుంటే సరిపోదు, కంపెనీ పుస్తకాల్లో కూడా ఉండాలి.

1915లో షెవ్రొలే 490 వచ్చింది. ఆ అంకె ఊరికే పెట్టలేదు, అది కారు ధర. ఫోర్డ్ మోడల్ టి ధర అప్పుడు అదే 490 డాలర్లు. ఫోర్డ్ వెంటనే ధర తగ్గించాడనుకోండి, అయినా షెవ్రొలే విపరీతంగా అమ్ముడుపోయింది. ఆ ఊపులో డ్యూరంట్ ఒక గమ్మత్తయిన బేరం ప్రకటించాడు. జీఎం షేరు ఒకటి తెచ్చిస్తే షెవ్రొలే షేర్లు ఐదు ఇస్తానన్నాడు. జనం ఎగబడ్డారు. అప్పటికే డ్యూపాంట్ కుటుంబం కూడా జీఎం షేర్లు కొంటోంది. 1915 సెప్టెంబరు 16న, జీఎం పుట్టి సరిగ్గా ఏడేళ్ళయిన రోజున, బ్యాంకర్ల గడువు ముగిసే వేళకు, వాళ్ళ పెత్తనానికి గండి పడింది. 1916లో చిన్న షెవ్రొలే పెద్ద జనరల్ మోటార్స్‌కి యజమాని అయింది. జూన్‌లో డ్యూరంట్ మళ్ళీ ప్రెసిడెంటు కుర్చీలో కూర్చున్నాడు.

వ్యాపార చరిత్రలో ఇలాంటి తిరిగిరాక చాలా అరుదు. మన సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడేది.

రెండో ఇన్నింగ్స్

రెండోసారి వచ్చిన డ్యూరంట్ మొదటి ఓటమి నుంచి ఏం నేర్చుకున్నాడు? బ్యాంకర్లను దగ్గరికి రానివ్వకూడదని నేర్చుకున్నాడు. అప్పు చెయ్యకూడదని మాత్రం నేర్చుకోలేదు. రెండూ ఒకటి కావు కదండీ!

మనుషుల్ని పట్టడంలో మాత్రం ఆయన్ని మించినవాడు లేడు. రోలర్ బేరింగుల్లాంటి విడిభాగాల కంపెనీలు కొన్నప్పుడు వాటితోపాటు ఆల్‌ఫ్రెడ్ స్లోన్ వచ్చాడు, చార్లెస్ కెటరింగ్ వచ్చాడు. న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆసుపత్రి పేరు మనందరం విన్నదే. ఆ ఇద్దరూ జీఎంకి వచ్చింది డ్యూరంట్ చలవతోనే. బ్యూయిక్‌ని నడపడానికి వాల్టర్ క్రైస్లర్‌కి ఏడాదికి 5 లక్షల డాలర్లు ఇచ్చాడు. ఓ మూలన పడి ఉన్న రిఫ్రిజిరేటర్ల కంపెనీని 1918లో కొన్నాడు, అదే ఫ్రిజిడేర్. కార్లు వాయిదాల మీద అమ్మడానికి 1919లో జీఎంఏసీ పెట్టించాడు. ఇన్ని సరైన పనులు చేసిన మనిషిని మూర్ఖుడనడానికి నోరు రాదు.

కానీ పట్టిన మనుషుల్ని నిలుపుకోవడం ఆయనకు రాలేదు. మీటింగుకు రమ్మని కబురు పెడితే డెట్రాయిట్ నుంచి న్యూయార్క్ వెళ్ళిన పెద్ద అధికారులు గదిబయట గంటలకొద్దీ, ఒక్కోసారి రోజులకొద్దీ కూర్చునేవారు. లోపల ఈయన షేర్ల బ్రోకర్లతో ఫోన్లో. క్రైస్లర్ విసిగి వెళ్ళిపోయాడు, తర్వాత తన పేరుతోనే కంపెనీ పెట్టాడు. చార్లెస్ నాష్ అంతకుముందే వెళ్ళి నాష్ మోటార్స్ పెట్టాడు. అంటే తన పోటీదార్లను తనే తయారుచేసి, జీతమిచ్చి పని నేర్పి, విసిగించి బయటికి పంపాడన్నమాట. కంపెనీని ఒక పద్ధతిలో ఎలా నడపాలో స్లోన్ శ్రద్ధగా ఒక నివేదిక రాసిచ్చాడు. డ్యూరంట్ బాగుందన్నాడు, సొరుగులో పెట్టాడు. అమెరికా కార్పొరేట్ ఆఫీసుల్లో ఈ ఆచారం ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

శాంసన్ ట్రాక్టర్ల సంగతి చెప్పకపోతే పాపం. మన పక్కనున్న స్టాక్‌టన్ ఊరి కంపెనీ అది. ఫోర్డ్ ట్రాక్టర్లు అమ్ముతున్నాడు కాబట్టి మనమూ అమ్మాలని కొన్నాడు. అందులో ఇనుపగుర్రం అనే మోడల్‌కి స్టీరింగు బదులు పగ్గాలు పెట్టారు. రైతులకు గుర్రాలు అలవాటు కదా అని! గుర్రబ్బళ్ళలో పెరిగిన డ్యూరంట్‌కి ఇది నచ్చడంలో వింత లేదు. గుర్రానికైతే గోతి కనిపిస్తే ఆగే జ్ఞానం ఉంటుంది, ట్రాక్టరుకి ఉండదు. ఆ సరదాకి 3 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది.

1920 వచ్చింది. యుద్ధం తర్వాతి మాంద్యం. ఫోర్డ్ ధరలు కోసేశాడు, జీఎం కార్లు గోడౌన్లలో పేరుకున్నాయి. 40 డాలర్ల పైనున్న షేరు పడడం మొదలుపెట్టింది. డ్యూరంట్ కొనడం మొదలుపెట్టాడు.

ఎందుకు కొన్నాడన్నదే ఈ కథకు గుండెకాయ. దురాశ ఒక్కటే కాదు. స్నేహితులకీ, ఫ్లింట్ జనానికీ, ఉద్యోగులకీ ఆ షేరు కొనమని చెప్పింది తనే. అది పడితే తనను నమ్మినవాళ్ళు మునుగుతారు. అందుకని ఒక్కడూ భుజం ఆనించి, కొండచరియను ఆపాలని చూశాడు. సొంత డబ్బు అయిపోయింది. షేర్లు తాకట్టు పెట్టి బ్రోకర్ల దగ్గర అప్పు తెచ్చి కొన్నాడు. ధర ఇంకా పడితే బ్రోకర్లు ఇంకా తాకట్టు అడుగుతారు, దానికోసం ఇంకా అప్పు. గుంటూరు వైపు మిర్చి వ్యాపారులకు ఇది బాగా తెలుసు. ధర వస్తుందని కోల్డ్ స్టోరేజీలో బస్తాలు పెట్టి, ఆ బస్తాల మీదే అప్పు తెచ్చి, ఇంకొన్ని బస్తాలు కొని పెట్టినవాణ్ణి మా ఊళ్ళో చూశాను. రెండేళ్ళకు అద్దె, వడ్డీ కలిసి మిర్చిని తినేశాయి.

నవంబరులో షేరు 14 డాలర్ల దరిదాపులకు వచ్చింది. కంపెనీలో పెద్ద వాటాదారు పియరీ డ్యూపాంట్‌కి సంగతి పొక్కింది. ఎంత అప్పుందని అడిగితే డ్యూరంట్‌కి సరిగ్గా తెలియదు. పెన్సిలు తీసుకుని ఒక్కో పద్దూ గుర్తుచేసుకుంటూ రాయాల్సివచ్చింది. లెక్క తేలేసరికి 3 కోట్ల డాలర్లు దాటింది. దేశంలోకెల్లా పెద్ద కంపెనీల్లో ఒకదాని అధిపతికి తన అప్పెంతో తెలియదు! ఆయన దివాలా తీస్తే బ్రోకర్లు, బ్యాంకులు, వాటితోపాటు కంపెనీ కూడా కూలిపోయేలా ఉంది. మోర్గాన్ బ్యాంకు, డ్యూపాంట్లు రాత్రింబవళ్ళు కూర్చుని అప్పులు తీర్చే ఏర్పాటు చేశారు. సుమారు 25 లక్షల షేర్లు, ఒక్కోటి తొమ్మిదిన్నర డాలర్లకు, ఆయన చేతుల్లోంచి వెళ్ళిపోయాయి. డిసెంబరు 1 నాటికి డ్యూరంట్ మాజీ ప్రెసిడెంటు. ఈసారి తిరిగి రాలేదు.

అప్పటికే డెట్రాయిట్‌లో జీఎం కొత్త ప్రధాన కార్యాలయం కడుతున్నారు. మొదట దానికి డ్యూరంట్ భవనమని పేరు. మనిషి పోగానే పేరు కూడా మార్చేశారు. కానీ గోడల మీద చెక్కిన డి అనే అక్షరాలు చెరపలేకపోయారు. ఇప్పటికీ ఉన్నాయి.

ఒకడు మారడు, ఒకడు నిలవడు

ఫోర్డ్‌నీ డ్యూరంట్‌నీ పోల్చి చూస్తే భలే ఉంటుంది. ఫోర్డ్ ఒకే మోడల్, ఒకే మాట. మోడల్ టి ధరను 260 డాలర్ల దాకా దించాడు కానీ కారును మాత్రం మార్చనన్నాడు. జనానికి రంగులు కావాలి, కొత్తదనం కావాలి. చివరికి 1927లో ఫ్యాక్టరీలు నెలలపాటు ఆపుకుని మోడల్ ఎ తేవాల్సివచ్చింది. డ్యూరంట్‌ది దీనికి పూర్తిగా తలకిందులు. పొద్దున ఒక ఆలోచన, సాయంత్రానికి ఇంకొకటి. ఇద్దరికీ మధ్యలో కూర్చున్నవాడు స్లోన్. డ్యూరంట్ పోగేసిన కంపెనీలనే తీసుకుని, వాటిలో అవి కొట్టుకోకుండా, చవక షెవ్రొలే నుంచి ఖరీదైన కాడిలాక్ దాకా మెట్లమెట్లుగా ధరలు సర్ది, లెక్కాపత్రం పెట్టాడు. 1920ల చివరికి జీఎం ఫోర్డ్‌ని దాటేసింది. ఆ తర్వాత డెబ్భై ఏళ్ళకు పైగా ప్రపంచంలోనే అతిపెద్ద కార్ల కంపెనీగా నిలిచింది.

ఎంబీఏ పుస్తకాల్లో ఆ ఘనతంతా స్లోన్‌దే. న్యాయంగా చూస్తే ఇల్లు కట్టడానికి సామానంతా తెచ్చి పడేసినవాడు డ్యూరంట్, కట్టినవాడు స్లోన్. సామాను లేకుండా మేస్త్రీ ఏం చేస్తాడు? మేస్త్రీ లేకుండా సామాను వానకు తడిసి పాడవుతుంది.

ఐ.పి. పెట్టిన చక్రవర్తి

జీఎం నుంచి బయటికొచ్చిన ఆరువారాలకే, 1921 జనవరిలో, డ్యూరంట్ మోటార్స్ మొదలైంది. స్నేహితులను అడిగితే రెండు రోజుల్లో 70 లక్షల డాలర్లు వచ్చిపడ్డాయి. మునిగినా జనం ఆయన్ని నమ్మారు. 1922లో 348 డాలర్లకే స్టార్ అనే కారు తెచ్చాడు. మొదట్లో బాగానే పోయింది. కానీ మనసు కార్ల మీద లేదు, వాల్ స్ట్రీట్ మీద ఉంది. 1920ల్లో షేర్లు పెంచే పెద్ద ఆటగాళ్ళలో ఒకడయ్యాడు. 1929 వసంతంలో రహస్యంగా వైట్‌హౌస్‌కు వెళ్ళి, ఇలాగే ఉంటే మార్కెట్ కూలుతుందని ప్రెసిడెంటు హూవర్‌ని హెచ్చరించాడు కూడా. అక్టోబరులో కూలింది. హెచ్చరించినవాడే ఆ శిథిలాల కింద దొరికాడు. జాతకాలు చెప్పేవాడు తన ఇంటి దూలం చూసుకోలేదన్నట్టు.

డ్యూరంట్ మోటార్స్ 1933లో మూతపడింది. 1936లో ఆయన ఐ.పి. పెట్టాడు. అప్పులు 9 లక్షల 14 వేల డాలర్లు. ఆస్తి 250 డాలర్లు, అదీ ఒంటిమీద బట్టల విలువ. ఒకప్పుడు కోట్లలో తూగిన మనిషి!

అయినా ఖాళీగా కూర్చోలేదు. న్యూజెర్సీలోని ఆస్బరీ పార్క్‌లో తన పాత కార్ల షోరూములో కిరాణా మార్కెట్ పెట్టాడు. 1940లో, 78 ఏళ్ళ వయసులో, ఫ్లింట్ తిరిగొచ్చి బౌలింగ్ ఆటశాల తెరిచాడు. పక్కనే కారులోంచే కొనుక్కునే హాంబర్గర్ల కొట్టు. కుటుంబాలతో సహా వచ్చేలా ఇలాంటివి దేశమంతటా పెట్టాలని పథకం కూడా వేశాడు. మెక్‌డొనాల్డ్స్ దేశమంతా పాకడానికి ఇంకా పదిహేనేళ్ళుంది. ఆలోచన మళ్ళీ సరైనదే. ఒంట్లో ఓపిక లేదు. 1942లో పక్షవాతం వచ్చింది.

చివరి రోజుల్లో ఆయన్ను ఆదుకున్నది ఎవరో తెలుసా? స్లోన్, ఇంకా జీఎంలో ఆయన చేతిమీదుగా పైకొచ్చిన మరికొందరు కలిసి ఏడాదికి 10 వేల డాలర్లు చందాలా పంపేవారు. భార్య కేథరిన్ చివరిదాకా తోడుంది. 1947 మార్చి 18న న్యూయార్క్‌లో, 85 ఏళ్ళ వయసులో, డ్యూరంట్ కన్నుమూశాడు. ఇరవై రోజుల తర్వాత హెన్రీ ఫోర్డ్ పోయాడు. ఒకడు కుటుంబానికి మహాసామ్రాజ్యం వదిలివెళ్ళాడు, ఇంకొకడు బౌలింగ్ బంతులు.

2008 సెప్టెంబరు 16న జీఎంకి నూరేళ్ళు నిండాయి. ముందురోజే లీమన్ బ్రదర్స్ కూలింది. 2009 జూన్ 1న జీఎం కూడా ఐ.పి. పెట్టింది. ఆస్తులు 82 బిలియన్ల డాలర్లు, అప్పులు 172 బిలియన్లు. అప్పు మీద అప్పు, మోడల్ మీద మోడల్. తండ్రి గుణం ఎక్కడికి పోతుంది!

నా లెక్క

ఇక నా సంగతి. మా కంపెనీలో ఉద్యోగాలు తీసేసిన రోజు నా పేరు కూడా ఆ ఈమెయిల్లో ఉంది. హెచ్1బి వీసా, అరవై రోజుల గడువు, ఇంటిమీద అప్పు, సగానికి పైగా పడిపోయిన షేర్లు. ఆ రాత్రి మా ఆవిడకి చెప్పక తప్పలేదు. ఆమె అరవలేదు. మొత్తం ఎంత అని ఒక్కటే అడిగింది. నాకు తెలియదు! ఏ ఖాతాలో ఎంతుందో, వడ్డీ ఎంతో గుర్తుచేసుకుంటూ మా అబ్బాయి డ్రాయింగు పుస్తకం వెనకపేజీలో పెన్సిలుతో రాయడం మొదలుపెట్టాను. సగంలో చెయ్యి ఆగిపోయింది. ఈ దృశ్యం ఎక్కడో విన్నాననిపించింది. డ్యూపాంట్ ఎదురుగా పెన్సిలు పట్టుకున్న ముసలాయన గుర్తొచ్చాడు.

యాభై రెండో రోజున వేరే ఉద్యోగం దొరికింది. షేర్లన్నీ నష్టానికే అమ్మేశాం. అప్పు ఇంకో ఏడాదిన్నరకు తీరింది. ఆ డ్రాయింగు పుస్తకం పేజీ ఇప్పుడు మా ఫ్రిజ్ మీద ఉంటుంది. అది ఫ్రిజిడేర్ కాదులెండి.

డ్యూరంట్ జీవితం చదివి నేను ధైర్యం చెయ్యకూడదని నేర్చుకోలేదు. ధైర్యం లేకపోతే ఆయనా లేడు, మన వలసా లేదు. రెండు సూట్‌కేసులతో, విద్యారుణంతో విమానమెక్కిన మనం ఎవరికి పిరికితనం గురించి చెప్పగలం? కాకపోతే చెప్పుకోదగ్గది ఒక్కటి ఉంది. మనం ఎంత అప్పున్నామో, దేనిమీద పందెం కాశామో ఒక్క కాగితం మీద రాసి ఇంట్లోవాళ్ళకి చూపించగలిగితే అది వ్యాపారం. చూపించలేకపోతే అది వేరే పేరుగల ఆట.

డెట్రాయిట్ వైపు చుట్టాలుంటే, ఈసారి వెళ్ళినప్పుడు పాత జీఎం భవనం చూసిరండి. ఇప్పుడు దాని పేరు కాడిలాక్ ప్లేస్, లోపల మిషిగన్ ప్రభుత్వ ఆఫీసులు. తలెత్తి గోడలు చూస్తే డి అక్షరం కనిపిస్తుంది. పిల్లలు అది డెట్రాయిట్‌కి గుర్తేమో అనుకుంటారు. బిల్లీగారి సంగతి చెప్పండి. బండి దిగేలోపల అయిపోతుంది.